షోలాపూర్ ట్రంకుపెట్టెల్లో మన చరిత్ర



పారిశ్రామిక నగరాల సామాజిక చరిత్ర మీద జరుగుతున్న ఈ సదస్సుకు అధ్యక్షత వహించమని అడిగినప్పుడు, నేను మాట్లాడబోయే ఊరు తెలుగు నేల మీద లేదని నిర్వాహకులకు ముందే చెప్పాను. పెద్దమనసుతో సరేనన్నారు. ఆ ఊరు మహారాష్ట్రలోని షోలాపూర్.

1877లో అక్కడ పని మొదలుపెట్టిన తొలి బట్టల మిల్లును జనం తర్వాత జూనీ మిల్ అన్నారు, అంటే పాత మిల్లు. అవి దక్కన్‌ను కరువు ఊడ్చేసిన రోజులు. మిల్లు బట్ట వచ్చి చేతిమగ్గం నోట మట్టికొట్టిన కాలం కూడా అదే. కరీంనగర్, నల్లగొండ, ఓరుగల్లు, పాలమూరు పల్లెల నుంచి నేత కులమైన పద్మశాలీలు మూటాముల్లే సర్దుకుని, తరం తర్వాత తరం అటు వెళ్ళారు. కొందరు మిల్లులో చేరారు. కొందరు అద్దె ఇంట్లోనే గుంట తవ్వి మగ్గం వేసుకున్నారు. ఇవాళ మనం కప్పుకునే షోలాపూర్ దుప్పటి వెనుక ఆ వలస ఉంది.

సంక్షేమం అనగానే మనకు పైనుంచి కిందికి జారే సొమ్ము గుర్తుకొస్తుంది. షోలాపూర్ చరిత్ర చూస్తే ఆ మాట మీద అనుమానం కలుగుతుంది. 1871లో మొదలైన చట్టాలతో పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రపడిన జాతుల వాళ్ళను ఆ ఊళ్ళో ముళ్ళకంచె మధ్య ఉంచి, అక్కడినుంచే మిల్లు పనికి పంపారు. ఆ చోటును సెటిల్‌మెంట్ అన్నారు. బడి, పని, ఇల్లు ఇచ్చి మనుషులను బాగుచేస్తున్నామన్నారు. ఆ చట్టాలు దేశమంతటా 1952లో గానీ రద్దు కాలేదు. కంచె లోపలి బడిని సంక్షేమం అని రాసిన పుస్తకాలను నేను నమ్మను.

తెలుగువాళ్ళు తమ సంక్షేమాన్ని తామే కట్టుకున్నారు. ఊరికి తూర్పున వాళ్ళుండే వాడలను అక్కడ పూర్వభాగం అంటారు. మార్కండేయ గుడి ఆ పద్మశాలీలకు గుడి మాత్రమే కాదు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయుడి రథం కదిలితే ఊరంతా కదులుతుంది. పెళ్ళి సంబంధాలు, అప్పు పత్రాలు, తగవులు, పిల్లల చదువుల చందాలు కూడా ఆ కులబంధం చుట్టూనే తిరిగాయి. విద్యాసంస్థలు లేచాయి. మార్కండేయుడి పేరుతోనే సహకార ఆసుపత్రి వెలిసింది. కులం పేరుతో ఏర్పడిన సాయం కులం గడప దాటనప్పుడు ఎవరు బయట మిగిలిపోయారో కూడా మనం అడగాలి. అది అడగని చరిత్ర సన్మానపత్రం అవుతుంది.

మగవాళ్ళు మగ్గం మీద ఉంటే ఆడవాళ్ళు బీడీలు చుట్టారు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాక ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది బీడీయే.

కొన్నేళ్ళ కిందట పూర్వభాగంలో ఒక ఇంటి అరుగు మీద ఒక పూటంతా కూర్చున్నాను. ఆ ఇంటి పెద్దమ్మ ఒళ్ళో చాట. తడిగుడ్డలో మెత్తబడ్డ తునికాకు తీస్తుంది, రేకుముక్క కొలతగా పెట్టి కత్తెరతో కోస్తుంది, చిటికెడు తంబాకు పోసి చుట్టి, కొస మడిచి, దారం కడుతుంది. మాట సాగుతూనే ఉంది, చెయ్యి ఆగలేదు. "బిడ్డా, వెయ్యి చుట్టి పట్టుకపోతే కంపెనోడు నూరు బాగలేవని తీసి పక్కకేస్తడు. పైసలియ్యడు, బీడీలూ ఇయ్యడు. ఆ నూరు యాడికి పోతయో ఎవరడగాలె?" అంది. నా దగ్గర జవాబు లేదు.

లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెచ్చింది. అందులో బీడీ పాస్‌బుక్కు, ప్రావిడెంట్ ఫండు కాగితం, ఇంటి సొసైటీకి కట్టిన రసీదులు. అన్నీ మరాఠీలో ఉన్నాయి. ఆమె మాట్లాడేది తెలుగు. ఏ అక్షరమూ చదవలేదు. అయినా ఏ కాగితం ఏదో అంచు చిరుగును బట్టి చెప్పేసింది.

1966 బీడీ కార్మికుల చట్టం, 1976 సంక్షేమ నిధి చట్టం, 1977లో బీడీకి వర్తించిన ప్రావిడెంట్ ఫండు, ఇవన్నీ ఆ పెట్టెలోకి వచ్చి చేరాయి. ఊరికే రాలేదు. ఆడం మాస్టర్‌గా పిలుచుకునే నర్సయ్య ఆడం వంటి కమ్యూనిస్టు నాయకుల వెంట ఈ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి మోర్చాలు తీశారు. వర్లీ ఆదివాసుల పోరాటం నడిపిన గోదావరి పరుళేకర్ పేరుతో షోలాపూర్ దగ్గరి కుంభారిలో బీడీ కార్మికురాళ్ళకు 10,000 ఇళ్ళు లేచాయి. ప్రభుత్వ వాటాతో పాటు కార్మికురాలూ తన వాటా కట్టింది. 2006లో అవి చేతికొచ్చాయి. తర్వాత అక్కడే రే నగర్‌లో అసంఘటిత కార్మికులకు 30,000 ఇళ్ళ పథకం వచ్చింది. 2024 జనవరిలో అందులో 15,000 అప్పగించారు. మరోవైపు 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీ మీది సంక్షేమ సెస్సు రద్దయింది. ఆ నిధికి ఉన్న సొంత ఊట ఎండిపోయింది. ఆ సెస్సుతో నడిచిన దవాఖానాలు, పిల్లల స్కాలర్‌షిప్పులు ఏ గతిన నడుస్తున్నాయో ఊరూరా తిరిగి పరిశోధించి రాయాలి.

మనవాళ్ళు ఈ షోలాపూర్ చరిత్రను ఎందుకు రాయలేదు? తెలుగు చరిత్ర తెలుగు లిపిలోనే ఉంటుందని అనుకోవడం వల్ల. షోలాపూర్ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ చదివారు. లక్ష్మీనారాయణ బొల్లి లాంటి రచయిత తన జీవితాన్ని మరాఠీలో చెప్పుకున్నారు. మరాఠీ పరిశోధకులకు అది వలసవాళ్ళ కథ, మనకు పరాయి ఊరి కథ. రెండు గ్రంథాలయాల మధ్య ఆ పెద్దమ్మ పెట్టె ఉండిపోయింది.

ఇక్కడున్న పరిశోధక విద్యార్థులను కోరుతున్నాను. దేవనాగరి చదవడానికి నెల రోజులు చాలు. హైదరాబాద్‌లో ముంబై బండి ఎక్కితే షోలాపూర్ ఆరేడు గంటల దారి. గుడి లెక్కల పుస్తకాలు, సొసైటీ రసీదులు, బీడీ పాస్‌బుక్కులు ఫొటోలు తీయండి, పక్కనే కూర్చుని వాళ్ళ మాట రికార్డు చేయండి. ఆ ఇళ్ళలో పాత కాగితాలు తూకానికి పోతున్నాయి. ఈ దసరా సెలవుల్లోనే బయల్దేరండి.