ఉడుత సాయము

సాయము కొంచెమైనను సమయమునకు అందినచో దానిని మనవారు ఉడుత సాయమందురు. పోకెమాన్ అను వీడియో ఆటలో అట్టి ఉడుత యొకటి కలదు. దాని పేరు పచిరిసు. దాడిబలము 45 మాత్రమే; ఓర్పు కొంత మెరుగు. పెద్ద పోటీలలో దానిని కోరువారు అరుదు.

2014లో అమెరికాలోని వాషింగ్టన్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో, దక్షిణ కొరియాకు చెందిన సెజున్ పార్క్ దీనినే తన జట్టున నిలిపెను. అవి జంటపోరులు, ఇరువైపుల రెండేసి ప్రాణులు ఒక్కసారి రంగమున నిలుచును.

ఈ ఉడుతకు శత్రువుల చూపును తనవైపు త్రిప్పుకొను విద్య కలదు. ఆ విద్యచే, మిత్రునిపై వేసిన దెబ్బలు దానిపైకి మరలును. ప్రక్కనున్న గ్యారడోస్ మహాబలశాలియే కాని, సహజరూపమున దానికి విద్యుత్తు తాకినచో నాల్గింతల హాని. ఉడుతకో, ఆ విద్యుత్తే ఔషధము; తగిలిన కొలది ప్రాణబలము పెరుగును. ఇక దాని పంటికాటు, ఎదిరికి మిగిలియున్న ప్రాణబలమున సగము హరించును. ఆ కాటుకు తన దాడిబలముతో నిమిత్తము లేదు.

అయితే భూకంపమువలె అందరిని ఒక్కమారు తాకు దెబ్బలను ఆ విద్య మరల్పజాలదు. సమయమెరిగి ఉడుతను వెనుకకు తీయవలెను.

ఆ యేడు జగజ్జేత సెజున్ పార్కే. ఎవరి బలమెంతయో అంకెలు చెప్పును. ఎవరినెచట నిలుపవలెనో చెప్పవు. మీ యింటి పిల్లలు బలహీనమైన ప్రాణిని ఎన్నుకొన్నచో వెంటనే వారింపకుడు. దానిచే ఏ పని చేయింపదలచిరో అడుగుడు.