నలభై ఏళ్ల కాపురం తర్వాత విడి కాపురం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను డి.ఏ. బకాయిల మీద మాట్లాడమంటే గంటసేపు మాట్లాడి ఉండేవాణ్ణి. "వృద్ధాప్యంలో దాంపత్యం" గురించి మాట్లాడమన్నారు. మనలో మనం ఎన్నడూ నోరు విప్పని విషయం ఇది. కాని ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో పదిహేడేళ్లు పెన్షన్ ప్రతిపాదనలు తయారుచేసిన వాణ్ణి కనుక, నా బల్ల ముందు కూర్చున్న దంపతుల్ని చూసిన అనుభవంతో నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనుమలు పుట్టాక కూడా విడిపోతారా అని మీరు అడగవచ్చు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది. అప్పటికి భర్తకు 89 ఏళ్లు, భార్యకు 82. పెళ్లి 1963లో జరిగింది. ఆయన వైమానిక దళంలో పనిచేశారు, ఆవిడ ఉపాధ్యాయురాలు. ముగ్గురు పిల్లలు. 1984లో ఆయనకు మద్రాసు బదిలీ అయింది. ఆవిడ వెంట వెళ్లలేదు. మనస్పర్థలు ముదిరి వ్యవహారం జిల్లా కోర్టుకు, హైకోర్టుకు, చివరికి ఢిల్లీకి చేరింది. విడాకులు కావాలని ఆయన పట్టు. విడాకులు పుచ్చుకున్న ఆడదానిగా చనిపోవడం తనకిష్టం లేదని ఆవిడ. న్యాయస్థానం ఆవిడ మాటే మన్నించి, ఆయన అప్పీలు కొట్టివేసింది.

ఈ కథలో నా కంటికి ఆనింది కోర్టులు కావు, బదిలీ. మనలో బదిలీ ఎరగని వారెవరు? పిల్లల చదువు పాడవుతుందని భార్యను ఉన్న ఊళ్లోనే ఉంచి, పరాయి ఊళ్లో అద్దె గదిలో కిరోసిన్ స్టవ్ మీద ఇంత అన్నం ఉడకేసుకుని, శనివారం సాయంత్రం బస్సెక్కి, సోమవారం తెల్లవారుజామునే మళ్లీ సంచీ భుజాన వేసుకున్న వాళ్లు ఈ హాల్లో కనీసం పాతికమంది ఉంటారు. పదేళ్లు, పన్నెండేళ్లు అలా గడిచాయి. ఆ ఇంట్లో పిల్లాడికి జ్వరం వస్తే ఆవిడే, స్కూలు ఫీజు ఆవిడే, మామగారి మందులు ఆవిడే. ఆయన తన ఇంటికి తానే చుట్టపు చూపుగా వచ్చి వెళ్లేవాడు. రిటైరయ్యాక ఆ చుట్టం వచ్చి, ఇక వెళ్లడు!

వెళ్లకపోగా తనిఖీ మొదలుపెడతాడు. పాలవాడి లెక్కేమిటి, పప్పు డబ్బా ఇక్కడెందుకుంది, గ్యాసు ఇరవై రోజులకే ఎందుకయిపోయింది? ఆఫీసులో మెమోలు ఇచ్చిన చెయ్యి ఊరుకోదు. ఆయనకు దండ వేసి, శాలువా కప్పి, విశ్రాంతి తీసుకోమని పంపించారు. ఆవిడకు పదవీ విరమణ లేదు, ఆర్జిత సెలవు కూడా లేదు. మూడుసార్లు కాఫీ కాస్తా అయిదుసార్లయింది. జపాను వాళ్లు రిటైరైన భర్తను "తడిసిన రాలుటాకు" అంటారట. చీపురుతో ఊడ్చినా వదలకుండా నేలకు అంటుకుపోతుందని. అక్కడ 2007 ఏప్రిల్ నుంచి అమలైన చట్టం ప్రకారం, విడాకులు తీసుకున్న భార్య, కాపురం చేసిన కాలానికి భర్త ఉద్యోగ పెన్షన్లో సగం దాకా తన పేర రాయించుకోవచ్చు.

కాలం మారింది, టీవీలు చెడగొట్టాయి, ఆడవాళ్లు చదువుకున్నారు అని కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. ఆ కోపం నిన్న పుట్టింది కాదు. ఆడపిల్ల పెళ్లి కావాలి, అబ్బాయికి ఉద్యోగం రావాలి, ఆ తర్వాత చూద్దాం అని దాచిపెట్టిన కోపం. అవన్నీ అయ్యాక దాచడానికి ఇంట్లో చోటు లేదు.

పెన్షన్ కాగితాలకు భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో కావాలని మీకందరికీ తెలుసు. ఒకాయన రెండు వేర్వేరు పాస్‌పోర్టు సైజు ఫోటోలు పక్కపక్కన అంటించి తెచ్చాడు. ఇది చెల్లదండీ అంటే, తలవంచుకుని, "మేం ఒకే ఇంట్లో ఉన్నాం గాని, తొమ్మిదేళ్లుగా మాటల్లేవు సార్" అన్నాడు. భోజనం పళ్లెం బల్ల మీద పెట్టి ఆవిడ లోపలికి వెళ్లిపోతుందట. చివరికి స్టూడియోకు వెళ్లి దిగి వచ్చారు. ఆ ఫోటోలో ఇద్దరి మధ్య మూడో మనిషి పట్టేంత చోటుంది. నేను సంతకం పెట్టించి పంపించాను.

మన వైపు కోర్టు గడప తొక్కేవాళ్లు తక్కువ. మన పద్ధతి వేరు. అమ్మ హైదరాబాదులో పెద్దవాడి దగ్గర, నాన్న విశాఖపట్నంలో చిన్నవాడి దగ్గర. లేదా కూతురి పురిటికని అమ్మ అమెరికా వెళ్తుంది, వచ్చిన మూణ్ణెల్లకు కొడుకు ఇంట్లో పురుడు. కంచాలూ చెంబులూ పంచుకున్నట్టు పిల్లలు తల్లిదండ్రుల్ని పంచుకుంటారు. దీన్ని ఎవరూ విడిపోవడం అనరు. ఇష్టం లేకుండా విడిపోయిన వాళ్లు కొందరైతే, ఈ వంకన హాయిగా ఊపిరి పీల్చుకున్న ఆడవాళ్లూ ఉన్నారు. తాగి కొట్టిన చెయ్యిని, మరో ఊళ్లో పెట్టిన రెండో సంసారాన్ని నలభై ఏళ్లు భరించిన తల్లికి "ఈ వయసులో సర్దుకుపోమ్మా" అని చెప్పే నోరు నాకు లేదు.

అయితే ఒక్క విషయం సోదరీమణులు గుర్తుంచుకోవాలి. వేరే ఇంట్లో ఉన్నంత మాత్రాన భార్య భార్య కాకపోదు. ఫ్యామిలీ పెన్షన్ హక్కు ఊరికే పోదు. కోర్టు విడాకులు మంజూరు చేస్తే మాత్రం సాధారణంగా ఆ హక్కు ఉండదు. అప్పుడు హిందూ వివాహ చట్టం 25వ సెక్షను కింద భరణం అడగవలసిందే. ఏ కాగితం మీదైనా సంతకం చేసేముందు తెలిసినవారిని అడగండి. సోదరులకు కూడా ఒక మాట: పెన్షన్ పాసుబుక్కు ఎక్కడుందో, పి.పి.ఓ. నంబరు ఎంతో మీ ఇంట్లో ఆవిడకు తెలుసా? ఇవాళ ఇంటికి వెళ్లి అడిగి చూడండి.

భోజనాలకు మగవారి బంతి ముందు, ఆడవారి బంతి తర్వాత అని ఇప్పుడే మైకులో ప్రకటించారు. ఈ ఒక్కసారికి దంపతుల్ని పక్కపక్కనే, ఒకే బంతిలో కూర్చోబెట్టమని కార్యదర్శి గారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.