నడిబజారు – ప్రజాధనము



ఈ ముస్తాబాదు సభలో మేము విద్యనుగూర్చియో ధర్మమునుగూర్చియో మాటలాడుదుమని మీరు తలచియుందురు. మేము బజారునుగూర్చి మాటలాడనెంచితిమి. ఏలయన, మన కులబాంధవులలో పెక్కండ్రకు అన్నము పెట్టుచున్నది బజారే. పట్టణముల నడిబజారులను ప్రజాధనముతో వెడల్పుచేసి పునర్నిర్మించుట నేడు మన ప్రాంతమున సాగుచున్నది. ఆ ధనమెవ్వరిది? లాభమెవ్వరికి? నష్టమెవ్వరికి? ఈ మూడు ప్రశ్నలను విచారించుట మన విధి.

మన పూర్వజిల్లా కేంద్రమగు కరీంనగరమును చూడుడు. కేంద్రప్రభుత్వము 2015లో స్మార్ట్ సిటీ పథకమును ఆరంభించెను. 2017 జూన్‌లో కరీంనగరము అందు చేర్చబడెను. నగరమొక్కంటికి సగటున ఏటేట 100 కోట్ల రూపాయల చొప్పున ఐదేండ్లు కేంద్రమిచ్చుటయు, అంతటి ధనమును రాష్ట్రమును నగరపాలికయు సమకూర్చుటయు ఆ పథకపు పద్ధతి. 2025 మార్చి 31న అది ముగిసెను. పథకము ముగిసినను వేసిన బాట ముగియదు. దానిని ఊడ్పించుటకును, దీపములు వెలిగించుటకును, మురుగుకాలువ తీయించుటకును నగరమే వెచ్చింపవలెను. గ్రాంటు వాన వంటిది. ఇంటిపన్ను బావి వంటిది. వానను నమ్మి బావిని పూడ్చుకొనువాడు వేసవిలో దప్పికగొనును.

ఇక లాభముమాట. బాట వెడల్పయిననాడు దానికి ముఖమై నిలిచిన స్థలముల వెల పెరుగును. ఈ పెరుగుదల యజమాని శ్రమఫలము గాదు, ప్రజాధనఫలము. అందు కొంతభాగము పన్నుగనో, అభివృద్ధి రుసుముగనో పురపాలికకు మరల చేరుట న్యాయము. మన రాజధానియందే దీనికి దృష్టాంతము కలదు. 1908 సెప్టెంబరునాటి మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన పిదప, 1912లో నిజాము ప్రభుత్వము నగరాభివృద్ధి మండలిని స్థాపించెను. ‘ఆరాయిష్ బల్దా’ యని పేరొందినది అదియే. పత్తర్‌గట్టి దుకాణముల వరుసయు, 1935 నాటి మొజంజాహీ మార్కెట్టును దాని నిర్మాణములు. ఆ మార్కెట్టు నేటికిని నగరపాలిక సొత్తు. దుకాణదారులు కిరాయి చెల్లించుచున్నారు. ప్రజలు విత్తిన చెట్టు ప్రజలకే నీడనిచ్చుచున్నది.

నష్టముమాట కష్టమైనది. మన జిల్లాలోని వేములవాడలో ఆలయాభివృద్ధికిని, ఆలయమునకు పోవు బాట విస్తరణకును ముఖ్యమంత్రి 2024 నవంబరు 20న శంకుస్థాపన చేసిరి. భక్తులు కిక్కిరియు ఆ త్రోవ వెడల్పుగావలె ననుటలో వివాదము లేదు. కాని బాట పెరిగినచోటనెల్ల ఏదో యొక గోడ కూలును. ఆ గోడ యజమానికి దస్తావేజు కలదు. ఆ గోడ చాటున ముప్పదియేండ్లు కిరాయికుండి కుట్టుమిషను త్రొక్కినవానికి ఏమి కలదు?

చట్టము వానిని మరువలేదు. 2014 జనవరి 1 నుండి అమలులోనున్న 2013 భూసేకరణ చట్టము, సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ చోటనే పనిచేయుచు దానినే ప్రధానజీవికగా గొన్న కిరాయిదారుని, చేతిపనివానిని గూడ బాధితకుటుంబముగా నెంచును. నిర్వాసితులగు చేతిపనివారికిని చిన్నవర్తకులకును ఒక్కసారి యొసగు సాయము 25,000 రూపాయలకు తక్కువ గారాదని విధించును. 2014 వీథివర్తకుల చట్టము పట్టణ విక్రయసంఘమున నూటికి నలువదికి తక్కువ గాకుండ వీథివర్తకుల ప్రతినిధులే యుండవలెనని చెప్పుచున్నది. అయినను కాగితముపై పేరు లేనివానిని చట్టము కనుగొనజాలదు.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున పురనిర్మాణమును చెప్పుచు రాజమార్గముల వెడల్పును నిర్ణయించెను. ఆ ప్రకరణముననే శిల్పులకును వర్తకులకును చోట్లు చూపెను. బాటను కొలుచుటయు మనుష్యునకు చోటు చూపుటయు ఆయనకు ఒక్కటే పని.

మన సంఘమున దుకాణముల యజమానులు కలరు, కిరాయిదారులును కలరు. పోషకులలో కొందరికి మా మాట చేదుగా తోపవచ్చును; అయినను చెప్పక తప్పదు. యజమానులు నెలనెల కిరాయికి రసీదు నొసగుదురుగాక. పునర్నిర్మించిన దుకాణమున పాతకిరాయిదారునకే తొలి అవకాశమని వ్రాతమూలముగా మాటయిత్తురుగాక. సంఘము ప్రతి బజారునందును మనవారి దుకాణముల పట్టిక వ్రాయించి, రసీదులు, వ్యాపారపు లైసెన్సులు, కరెంటు బిల్లుల నకళ్లు భద్రపరచునుగాక. పట్టణమునకు వచ్చిన నిధియెంత, వ్యయమెంత, పిదప నిర్వహణకు ఆదాయమెక్కడిది యని పాలకులను వినయముతో, విడువక అడుగుదముగాక.

మన ముస్తాబాదు బజారునకును ఒకనాడు ఈ వంతు రాగలదు. ఆనాడు బాటతోపాటు మన మనస్సులును వెడల్పగునుగాక!

స్వస్తి.