నగలోని బంగారమెంత?

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



కె.సి. కాలువ కింద వరి, నల్లరేగడిలో శనగ పండించే ఆళ్లగడ్డ ప్రాంత రైతు ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో నంద్యాల బజారుకు వచ్చి, బిడ్డ నికాహ్‌కు నగ కొంటాడు. ధాన్యంలో తేమ పేరిట కిలో తరుగు తీస్తే వాదించే మనం, నగలో బంగారమెంతో అడగడానికి మాత్రం మొహమాటపడతాము. అమ్మేవాని అమానత్తు, కొనేవాని కష్టార్జితం, మన జకాత్ ఈ మూడూ ఆ ప్రశ్నపైనే ఆధారపడి ఉన్నాయి.

మేలిమి బంగారం మెత్తనిది. నగ గట్టిగా నిలవడానికి రాగి, వెండి వంటి లోహాలు కలుపుతారు. 24 పాళ్లలో 22 పాళ్లు బంగారమైతే 22 క్యారెట్లు. దాని గుర్తు 916. 18 క్యారెట్లకు గుర్తు 750. అంటే 10 గ్రాముల 916 నగలో మేలిమి 9.16 గ్రాములు. లోహం కలపడం దోషం కాదు. ఎంత కలిపిందీ దాచి ఎక్కువ ధర పుచ్చుకోవడమే దోషం. ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని గుర్తించిన దైవప్రవక్త (స), మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారు.

ఖైబర్ దినాన ఫదాలా బిన్ ఉబైద్ (రజి) పూసలు పొదిగిన బంగారు హారాన్ని 12 దీనార్లకు కొన్నారు. విడదీసి చూస్తే అందులోని బంగారమే అంతకంటే ఎక్కువ ఉంది. విడదీయకుండా అలాంటిది అమ్మరాదని ప్రవక్త (స) ఆదేశించారు. కనుక రాళ్ల బరువును బంగారం బరువులో కలిపి ధర కట్టే వ్యాపారి అల్లాహ్‌కు భయపడాలి. కొనేవారు రెండు బరువులనూ రసీదులో వేర్వేరుగా రాయించుకోవాలి. హాల్‌మార్క్ నగపై 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో దాన్ని సరిచూడవచ్చు. రెండు గ్రాముల లోపు నగలకు ఈ నిర్బంధం లేదు గనుక వాటి క్యారెట్లను రసీదుపై తప్పక రాయించుకోండి.

బంగారానికి బంగారం మార్చుకుంటే సరిసమానంగా, చేతికి చేయిగా జరగాలి. నాసిరకం ఖర్జూరాలు ఎక్కువ ఇచ్చి మేలురకం తక్కువ తెచ్చిన బిలాల్ (రజి)ను ప్రవక్త (స) వారించి, వాటిని అమ్మి ఆ సొమ్ముతో కొనమన్నారు. మనమూ పాత నగను అమ్మి, డబ్బు చేతికి తీసుకున్న తరువాతే కొత్తది కొనాలి.

ఇక జకాత్. ఏడున్నర తులాలనే నిసాబ్ పాత తులాల లెక్క, అది 87.48 గ్రాములు. నేటి బజారు తులం 10 గ్రాములే గనుక దాన్ని 75 గ్రాములని పొరబడకండి. బంగారంతో పాటు వెండి, నగదు కూడా ఉన్నవారు వాటిని కలిపి లెక్కించే విధానాన్ని ఆలిములను అడిగి తెలుసుకోవాలి. హనఫీ ధర్మవేత్తల ప్రకారం బంగారం పాలు అధికమైతే కలిసిన లోహంతో సహా మొత్తం బంగారంగానే పరిగణించాలి; రాళ్లను మినహాయించాలి. నిసాబ్ ఉండి చాంద్రమాన సంవత్సరం గడిస్తే నలభయ్యో వంతు పేదల హక్కు.

సోదరులారా! ఆపదలో ఒక వితంతువు తన గొలుసు అమ్మబోయి, అది తాను నమ్మినంత బంగారం కాదని తెలుసుకుంటే ఆమె నిట్టూర్పు ఎవరిని చేరుతుంది? త్రాసు ముందు కూర్చున్న ప్రతి ఒక్కరూ ప్రళయదినాన నిలిచే త్రాసును తలచుకోవాలి.

అల్లాహ్ మన సంపాదనను హలాల్ చేసి, మన తూనికలను న్యాయంతో నిలుపుగాక! ఆమీన్.