పిండిని విరిచే బాక్టీరియా – పాడిరైతు తెలుసుకోవలసిన సంగతి

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పాల సంఘ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



మనవి వరి పండే డెల్టా భూములు. వరిగడ్డికి, తవుడుకు, నూకలకు మనకు కొదువ లేదు. పెళ్లిళ్ల రోజులలో మిగిలిన అన్నం కూడా గేదెల తొట్టెకే చేరుతుంది. "అన్నమే గదా, ఏం చేస్తుంది?" అనుకుంటాము. ఆ అన్నమే మంచి పాడిగేదెను ఒక్క రోజులో పడగొట్టగలదు. కారణం తెలియాలంటే ముందు ఒక ఫ్యాక్టరీ సంగతి చెప్పుకోవాలి.

నేలలోను, ఎండుగడ్డి మీదను బాసిల్లస్ అనే జాతి బాక్టీరియా ఉంటుంది. అది అమైలేజ్ అనే ఎంజైమును బయటికి వదలి, పిండిని చక్కెరగా విరిచి తింటుంది. ఫ్యాక్టరీ తొట్టిలో పిండి లేక తవుడు, కొంత నూనెచెక్క, నీరు కలిపి, 121 డిగ్రీల ఆవిరితో ఇతర క్రిములను చంపుతారు. చల్లారాక, మనం పాలకు తోడు వేసినట్లే ఈ బాక్టీరియాను వేస్తారు. సుమారు 37 డిగ్రీల వేడిలో గాలి పంపుతూ, పులుపు పెరగకుండా కనిపెట్టి ఉంటారు. రెండు మూడు రోజులకు వడకట్టి ఎంజైమును తీస్తారు. నేతబట్టల గంజి పోగొట్టడానికి, గ్లూకోజు తయారీకి అది వాడతారు. ఎంజైము పనిచేసిందో లేదో అయోడిన్ చుక్క చెబుతుంది. పిండి ఉంటే నీలిరంగు వస్తుంది, విరిగిపోతే రాదు. పాలలో పిండి కల్తీని పట్టేదీ ఆ చుక్కే.

గేదె పెద్దపొట్ట కూడా ఇటువంటి తొట్టే. అక్కడ గాలి ఉండదు, బాక్టీరియా వేరు. అవి గడ్డిని నెమ్మదిగా, పిండిని అతి త్వరగా విరుస్తాయి. ఒక్కసారిగా అన్నం పడితే, పెరుగును పులియజేసే లాక్టిక్ ఆమ్లమే పొట్ట నిండా పుడుతుంది. ఫ్యాక్టరీలో పులుపును సరిదిద్దడానికి మనిషి ఉన్నాడు. గేదెకు నెమరు వేసేటప్పుడు ఊరే లాలాజలమే దిక్కు. గడ్డికి నెమరు ఉన్నది గాని అన్నానికి లేదు. అంటే జబ్బు పిండి అరగక కాదు, మితిమీరిన వేగంతో పులిసినందువల్ల. అందుచేత అరుగుదల పొడులు ఇక్కడ మందు కావు.

మనం పాటించవలసినవి ఇవి. మిగిలిన అన్నం కుప్పగా పెట్టరాదు. నూకలు, దాణా పెంచదలిస్తే రెండు వారాలలో కొద్దికొద్దిగా పెంచాలి. ముందు గడ్డి, తరువాత దాణా వేయాలి. నూకల బస్తాలు, అన్నం గుండిగలు కట్టు తెంచుకున్న పశువుకు అందకుండా ఉంచాలి. అన్నం తిన్న గేదె మేత మాని, నెమరు ఆపి, పుల్లని వాసనతో పారుకుంటే తెల్లవారేదాకా ఆగకుండా పశువైద్యుని పిలవాలి. ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో దాచకుండా చెప్పాలి.

ఈ మాట సమావేశానికి రాని సభ్యులకు కూడా, ముఖ్యంగా తొట్టె నింపే ఇంటి ఆడవారికి, పిల్లలకు చెప్పవలసినదిగా కోరుతున్నాము.