పైలట్ కొలువు: ఎగిరే రోజులు, నిలిచే రోజులు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సొసైటీ స్కాలర్‌షిప్పుతో చదువుకుని పైలట్లమైన మేము ముగ్గురం ఈరోజు మీ ముందున్నాం. మాట్లాడేది ఒకరమే అయినా మాట ముగ్గురిదీ. భుజాల మీద బంగారు చారలు చూసి, మా పిల్లల్నీ ఈ చదువులో చేర్పిస్తామని వచ్చే తల్లిదండ్రులు ఏటేటా పెరుగుతున్నారు. సంతోషమే. అయితే ఆ చారల వెనుక ఉన్న గడ్డు రోజుల సంగతి చెప్పడం కూడా మా బాధ్యత.

మన దేశంలో 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయాయి. మధ్యలో 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు కరోనా వల్ల దేశీయ ప్రయాణికుల విమానాలన్నీ నేల మీదే ఉన్నాయి. పదకొండేళ్లలో నాలుగు దెబ్బలు! విమాన సంస్థ ఖర్చులో పెద్ద వాటా ఇంధనానిది. విమానాల అద్దె డాలర్లలో కట్టాలి. చమురు పెరిగినా, రూపాయి పడినా భారం సంస్థ మీదే. పోటీ వల్ల టికెట్ ధర అంత తేలిగ్గా పెంచలేరు.

మేము పనిచేసిన సంస్థలో మొదట జీతం పది రోజులు ఆలస్యమైంది, తర్వాత నెల, తర్వాత రానే లేదు. సంస్థ మూతపడ్డాక మాలో ఒకరం ఫ్లయింగ్ స్కూల్లో శిక్షకుడిగా కుదిరాం, ఒకరం గల్ఫ్‌కు వెళ్లాం, ఒకరం రెండేళ్లు అబ్బాజాన్ బట్టల దుకాణంలో కూర్చున్నాం. ఉద్యోగం లేకపోయినా పైలట్ లైసెన్సుకు ఖర్చు ఆగదు. ఏటా వైద్య పరీక్ష, ఏటా సిమ్యులేటర్‌లో పరీక్ష. అవి తప్పితే మళ్లీ పిలుపు వచ్చినా వెళ్లలేం. ఆ దుకాణంలో కూర్చున్న వాడి లైసెన్సు బతికింది ఈ సభలోని ఒక పెద్దాయన ఇచ్చిన ఖర్జె హసన వల్లే. పేరు చెప్పవద్దన్నారు. అప్పు తీర్చాం, రుణం తీరలేదు.

చేరబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మూడు మాటలు. ఒకటి, ఫీజు కట్టకముందే క్లాస్ వన్ వైద్య పరీక్ష చేయించుకోండి. కన్ను, చెవి, గుండెల్లో ఏ లోపం ఉన్నా డబ్బు పోకముందే తెలుస్తుంది. రెండు, పక్కనే ఒక డిగ్రీ పూర్తి చేయండి. విమానం నిలిచిన రోజున అదే అన్నం పెడుతుంది. మూడు, ఉద్యోగం ఖాయం కాకుండా సొంత డబ్బుతో టైప్ రేటింగ్ చేయకండి. ఎయిర్‌బస్‌కు ఒకటి, బోయింగ్‌కు ఒకటి. ఒకదానిపై చేసిన శిక్షణ రెండోదానికి పనికిరాదు. వాడకపోతే గడువు దాటిపోతుంది.

దాతలకు ఒక విన్నపం. 200 గంటలు ఎగిరి లైసెన్సు తెచ్చుకునేసరికి సుమారు 50 లక్షలు అవుతుంది. చాలామంది ఇల్లు తాకట్టు పెట్టి, వడ్డీకి తెస్తారు. అక్కడితో కథ ముగియదు. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా గారు దాతల అండతో బేగంపేటలో శిక్షణ పొంది లైసెన్సు తెచ్చుకున్నారు. ఆ తర్వాతి శిక్షణకు మళ్లీ పెద్ద మొత్తం కావలసి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం ఆదుకుంది. అందరికీ అలాంటి అండ దొరకదు.

యూసుఫ్ అలైహిస్సలాం ఏడు పంట సంవత్సరాల్లో ధాన్యం దాచి, ఏడు కరువు సంవత్సరాలు దాటించిన సంగతి మనందరికీ తెలుసు. అందుకే పది మందిని చేర్పించే బదులు ఆరుగురిని చేర్పించి, మిగిలిన సొమ్ముతో వడ్డీలేని నిధి ఒకటి పెట్టండి. ఉద్యోగం పోయిన పిల్లలు లైసెన్సు నిలుపుకోవడానికి అందులోంచి తీసుకుని, కొలువు దొరికాక తిరిగి కడతారు. మొదటి వాయిదాగా మా ముగ్గురి ఒక నెల జీతం ఈరోజే కోశాధికారి గారికి అందజేస్తున్నాం.

అల్లాహ్ మనందరి సేవను స్వీకరించుగాక. ఆమీన్.