పేట గడప తొక్కని వైద్యం
(సంఘం మహిళా విభాగం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1883లో డాక్టర్ అన్నా శారా కుగ్లర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. 1930లో కన్నుమూసే వరకు ఇక్కడి స్త్రీలకు వైద్యసేవ చేశారు. ఆమె స్థాపించిన ఆసుపత్రికి తర్వాత ఆమె పేరే పెట్టారు.

ఆమె వచ్చిన నూరేళ్లకు ఏ.ఎన్.ఎం.గా చేరిన నేను మాత్రం రచ్చబండ దగ్గరే కూర్చుని మాత్రలు పంచేదాన్ని. పేటవాళ్లు వచ్చి ఎడంగా నిలబడేవారు. దగ్గరికి రమ్మని నేనూ అనలేదు. మిరప కోతల్లో, నెలలు నిండిన ఒక తల్లి కూలి పోతుందని రాలేదు. నేనూ పేటకు వెళ్లలేదు. రక్తపరీక్ష జరగలేదు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగక, ఎద్దుబండిలోనే ప్రాణం విడిచింది. రిజిస్టరులో 'రక్తస్రావం' అని రాశాను. అసలు కారణం రాయడానికి అందులో గడి లేదు.

ఈ తేడా మన దగ్గరే కాదు. అమెరికాలో 2021లో లక్ష సజీవ జననాలకు నల్లజాతి తల్లులు సుమారు 70 మంది, తెల్లజాతి తల్లులు 27 మంది మరణించారు.

2005లో మనకు 108 వాహనాలు, జననీ సురక్షా యోజన వచ్చాయి. 2018-20 నాటికి మన రాష్ట్రంలో మాతృమరణాలు లక్షకు 45కు తగ్గాయి; దేశ సగటు 97. సంతోషమే. కానీ ఆ సగటులో పేట, చెంచుగూడెం విడిగా కనిపించవు. కర్నూలు నుంచి కోతకొచ్చే వలసకూలీ పేరు సొంతూరి రిజిస్టరులో ఉంటుంది. మనిషి మన చేలో ఉంటుంది.

మనలో చాలామందికి పొలాలున్నాయి. కోతకొచ్చినవారిలో గర్భిణి ఉంటే ఆశా కార్యకర్తకు కబురు చేయండి. పరీక్షకు వెళ్లిన రోజు కూలి తగ్గించకండి. నేను తొక్కని ఆ గడపను మీరైనా తొక్కండి.